వైరస్‌కు ప్రాణం ఉందా?

2020లో కరోనా వ్యాపించిన రోజుల్లో ఇంటర్మీడియట్ చదివే ఒక యువకుడు నాకు ఫోన్ చేశాడు. "మౌలానా సాబ్, సబ్బుతో చేతులు కడిగితే వైరస్ చచ్చిపోతుందంటున్నారు. అది ప్రాణియే కాదని మరికొందరంటున్నారు. ప్రాణం లేనిది ఎలా చస్తుంది?" అని అడిగాడు. కాసేపాగి అసలు సంగతి బయటపెట్టాడు. "2002లో శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో వైరస్‌ను తయారు చేశారట. అంటే మనిషి ప్రాణిని సృష్టించినట్లే కదా అని నా మిత్రుడు వాదిస్తున్నాడు. నేనేం చెప్పాలి?"

"వైరస్ ప్రాణి కాదని చెప్పు, వాదన అంతటితో ముగుస్తుంది" అన్నాను. తరువాత ఈ విషయం గురించి చదివి, ఆలోచించాక నేను తొందరపడ్డానని అర్థమైంది.

నిర్వచనం ఎలా ఉండాలి?

మదరసాలో తర్కశాస్త్రం, అంటే మంతిఖ్, చదివే విద్యార్థికి ఒక నియమం నేర్పుతారు. ఏ నిర్వచనమైనా 'జామె'గా, 'మానె'గా ఉండాలి. అంటే చేరవలసినవన్నీ అందులో చేరాలి, చేరకూడనిది ఒక్కటీ చొరబడకూడదు.

ఈ నియమంతో 'ప్రాణి' అనే మాటను పరీక్షించి చూడండి. పెరిగేదే ప్రాణి అంటే, ఉప్పుమడిలో ఉప్పురాయి కూడా పెరుగుతుంది. తనలాంటి దాన్ని పుట్టించేదే ప్రాణి అంటే, ఒక దీపం మరో దీపాన్ని వెలిగిస్తుంది. కంచరగాడిదకేమో సాధారణంగా సంతానమే కలగదు, అయినా అది ప్రాణి కాదని ఎవరంటారు? మనం రోజూ వాడే మాటకే గట్టి నిర్వచనం చెప్పలేకపోతున్నాం. ఇక వైరస్ దగ్గర తడబడటంలో ఆశ్చర్యమేముంది?

ఇరుపక్షాల వాదనలు

శాస్త్రవేత్తలు కూడా తడబడ్డారు. పొగాకు ఆకులపై మచ్చలు తెచ్చే తెగులును పరిశీలించిన బైజరింక్ 1898లో దాని కారకానికి 'ప్రాణమున్న అంటు ద్రవం' అని పేరు పెట్టాడు. 1935లో అమెరికాకు చెందిన వెండెల్ స్టాన్లీ అదే వైరస్‌ను పంచదార పలుకుల్లాగా స్ఫటికాలుగా మార్చాడు. ఆ స్ఫటికాలను నీటిలో కలిపి ఆకుకు రుద్దితే తెగులు మళ్ళీ సోకింది. 1946లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. గమనించండి, అది రసాయనశాస్త్రంలో ఇచ్చిన బహుమతి!

వైరస్ నిర్జీవమనే మాట దాంతో స్థిరపడినట్లే కనిపించింది. కాని 2003లో మిమీవైరస్ గురించి ప్రకటించారు. అది ఎంత పెద్దదంటే, మొదట దాన్ని బాక్టీరియా అని పొరబడ్డారు. 2008లో ఆ జాతి వైరస్‌నే పట్టి పీడించే మరో చిన్న వైరస్ బయటపడింది. జబ్బుపడేది ప్రాణి కాక మరేమిటని కొందరు వాదించారు.

అచ్చుయంత్రంలో దొంగ కాగితం

నాకు తోచిన మాట చెబుతాను. ఒక పత్రిక అచ్చవుతున్న చోట ఎవరో దొంగతనంగా తమ కాగితం చేర్చారనుకోండి. యంత్రం దాన్ని కూడా వేల ప్రతులు తీస్తుంది. ఆ కాగితం మీద రాత ఉంది. కాని సిరా దానిది కాదు, యంత్రం దానిది కాదు, విద్యుత్తు దానిది కాదు. వైరస్ పరిస్థితి కూడా ఇదే. అందులో జన్యు సమాచారం ఉంది, చుట్టూ ప్రొటీన్ కవచం ఉంది. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు మాత్రం లేవు. అవి జీవకణానివి. మిమీవైరస్ పెరిగేది కూడా అమీబా లోపలే, అమీబా రైబోజోములతోనే.

విత్తనం కూడా కదలకుండా పడి ఉంటుంది కదా అని అడగవచ్చు. సుమారు రెండు వేల ఏళ్ళ నాటి ఖర్జూర విత్తనం 2005లో మొలకెత్తింది కూడా. అయితే విత్తనానికి తన సొంత కణాలున్నాయి. దానికి కావలసిందల్లా నేల, నీరు, గాలి, వెచ్చదనం. వైరస్‌కు పరాయి ప్రాణమే కావాలి. అందుచేత సీసాలో ఉన్న వైరస్‌ను ప్రాణి అనలేం. కణంలో చేరాక జరిగే పనిలో ప్రాణం ఉంది, ఆ ప్రాణం కణానిది. సబ్బు కరోనా వైరస్ కొవ్వు పొరను చీలుస్తుంది. 'చచ్చింది' అంటే ఇక పనికిరాకుండా పోయిందని అర్థం.

మనిషి సృష్టించాడా?

ఇక 2002 నాటి సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీబ్రూక్‌లో ఎకార్డ్ విమ్మర్ బృందం పోలియో వైరస్ జన్యు సమాచారాన్ని రసాయనికంగా కూర్చింది. సుమారు 7,500 అక్షరాల సమాచారమది. దాన్ని మానవ కణాల నుంచి తీసిన రసంలో వేస్తే వైరస్ తయారైంది. అంటే రాత వారిది, అచ్చుయంత్రం మాత్రం జీవకణాల నుంచి అరువు తెచ్చుకున్నది. ఆ రాత కూడా పాత వైరస్‌ను చూసి దించుకున్నదే. 2010లో కూర్చిన జన్యుసంపుటి విషయంలోనూ ఇంతే. దాన్ని అప్పటికే బతికి ఉన్న బాక్టీరియా కణంలో పెట్టారు.

కాబట్టి ఆ యువకునికి నేనిచ్చిన జవాబు తప్పు కాదు. దాని మీద మోపిన బరువే తప్పు. రేపు మనుషులు ముడి రసాయనాలతోనే ఒక జీవకణాన్ని కూర్చారనుకుందాం. అప్పుడు ఆ యువకుని విశ్వాసం ఏం కావాలి? సృష్టికర్తపై విశ్వాసాన్ని 'మనిషి ఇది చేయలేడు' అనే మాట మీద నిలబెడితే, ప్రతి కొత్త ప్రయోగానికీ మనం వణకవలసి వస్తుంది. మనిషి ఏది కూర్చినా అందులోని పదార్థం, ఆ పదార్థం నడిచే నియమాలు, వాటిని గ్రహించే బుద్ధి - ఇవేవీ అతను చేసుకున్నవి కావు. ఈ మాట వైరస్ ప్రాణి అయినా నిలుస్తుంది, కాకపోయినా నిలుస్తుంది.

మొన్న ఆ యువకునికి మళ్ళీ ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మరి నా మిత్రునితో వాదన?" అన్నాడు. "వాదన వద్దు నాయనా. ఇద్దరూ కలిసి కూర్చుని జీవశాస్త్రం చదవండి" అన్నాను.