పేషెంట్ ఎవరు?



ఇంగ్లీషు అక్షరం రాని అవ్వ కూడా "మా ఇంట్లో పేషెంట్ ఉన్నాడు నాయనా" అంటుంది. బడికి వెళ్లే మనుమరాలిని అడిగితే అదే మాటకు ‘ఓర్పు గలవాడు’ అని మరో అర్థం చెబుతుంది. రోగికీ ఓర్పు గలవాడికీ ఒకే మాట ఎలా వచ్చింది? లతీను భాషలో ‘పాతి’ అనగా బాధను భరించుట. ప్రభువు శ్రమలను ‘పాషన్’ అంటారు గదా, ఆ మాటా అక్కడినుండే పుట్టింది.

కురబలకోట వారికి మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరం తెలిసినదే. 1912లో వివిధ మిషనుల వారు కలిసి క్షయరోగుల కోసం స్థాపించిన చికిత్సాలయమది. స్ట్రెప్టోమైసిన్ మందును కనుగొన్నది 1943లో. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, ఇవే ముఖ్యమైన వైద్యం. ఇల్లూ వాకిలీ విడిచి నెలల తరబడి మంచం మీద ఉండవలసివచ్చేది. ఆనాటి రోగికి ఓర్పు తప్ప వేరే దారి లేదు.

నేడు మందులున్నవి. సాధారణ క్షయకు ఆరు నెలలు మానకుండా వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో అవి ఉచితం. దగ్గు తగ్గిందని మధ్యలో మానేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు, మందులకు లొంగకుండా పోవచ్చు. కనుక రోగికి ఓర్పు కావాలి. మరి ఇంటివారికో? కోడలికి క్షయ అని తెలియగానే పుట్టింటికి పంపివేయుట, పరువు పోతుందని జబ్బును దాచిపెట్టుట, ఇవి మన విశ్వాసుల ఇళ్లలో జరగడం లేదా? ఓర్పంతా రోగి నెత్తిన పెట్టి మనం తప్పుకుంటున్నాము.

యోహాను సువిశేషం 5వ అధ్యాయంలో, కోనేటి వద్ద 38 ఏళ్లుగా వ్యాధితో ఉన్న మనిషిని తలచుకోండి. అతనికి ఓర్పు కొరవడలేదు. నీటిలోనికి దింపే మనిషే కరువయ్యాడు. అందరూ దాటిపోయిన అతనిని ప్రభువే పలకరించారు.

రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1992లో, లూర్దుమాత పండుగ అయిన ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినముగా నిర్ణయించారు. ఆ ఒక్కరోజు ప్రార్థనతో సరిపెట్టుకోవద్దు. మీ వీధిలోని రోగికి మందు వేళ గుర్తుచేయండి. ఆసుపత్రికి తోడు వెళ్లండి. ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు అందించండి. కరుణను ఇంగ్లీషులో ‘కంపాషన్’ అంటారు. అదే లతీను మూలం. కలిసి భరించుట అని దాని అర్థం.

ఇంట్లో జబ్బుపడినది ఒక్కరే కావచ్చు. ఓర్పు మాత్రం ఇంటిల్లిపాదికీ ఉండాలి. శ్రమలనుభవించిన ప్రభువు మీ కుటుంబాలను దీవించునుగాక! ఆమెన్.