చవక అన్న మెప్పు

న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో, నెత్తిమీద ఏడో నంబరు రైలు దడదడలాడే రూజ్‌వెల్ట్ ఎవెన్యూ పొడుగునా టిబెటన్ మోమోలు, కొలంబియన్ అరేపాలు, మెక్సికన్ టాకోలు దొరుకుతాయి. ఈ చిన్న హోటళ్ళను మా తెలుగువాళ్ళు మెచ్చుకునేది తరచు ఒకే మాటతో: "చవక!"

ఆ మెప్పు న్యాయమేనా అన్నది నా సందేహం. మోమో చుట్టే పనితనం ఇటాలియన్ రావియోలీ పనితనానికి తీసిపోదు. అయినా రావియోలీకి పాతిక డాలర్లు మారుమాట లేకుండా ఇస్తాం; మోమోలు పన్నెండు దాటితే మొహం చిట్లిస్తాం. వంటకం వెల, వండినవాళ్ళ జనానికి సమాజంలో ఉన్న హోదాని బట్టి ఉంటుందంటారు కృష్ణేందు రే, 2016లో వచ్చిన 'ది ఎత్నిక్ రెస్టారెటర్'లో. ఇటాలియన్ల వంటనీ వందేళ్ళ కిందట అమెరికా పేదల తిండిగానే చూసింది.

వాళ్ళు పెట్టుకున్న ధరే కదా, మన తప్పేముంది అనొచ్చు. నిజమే. కానీ ఆ ధరలో ఇంటిల్లిపాదీ చేసే చాకిరీకి చాలాసార్లు లెక్కే ఉండదు.

ఈ లెక్క మనకి కొత్తదా? ఒకే ప్రోగ్రాం హైదరాబాదులో రాస్తే ఒక రేటు, న్యూజెర్సీలో రాస్తే మరో రేటు. అక్కడ "మేమెందులో తక్కువ?" అని అడిగేవాళ్ళం, ఇక్కడ బిల్లు చేతికి రాగానే ఆ ప్రశ్న ఎందుకు మరుస్తాం?

ఎక్కువ ఇచ్చుకునే స్తోమత అందరికీ ఉండదు. కానీ బేరం బాగుందనడం వేరు, వంట బాగుందనడం వేరు. రెండోది అనడానికి ఖర్చేమీ లేదు.