పోయినాడా, తప్పిపోయినాడా?

శివరాత్రి రోజుల్లో శ్రీశైలం కొండ మీద మైకు నిద్రపోదు. ఫలానా ఊరి అబ్బాయి, ఐదేండ్లు, నీలం చొక్కా, మా దగ్గర ఉన్నాడు, తల్లిదండ్రులు వెంటనే రావాలి అని పిలుస్తూనే ఉంటుంది. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నడిచొచ్చిన భక్తులూ, బస్సు దిగిన భక్తులూ ఒక్క క్షణం ఆగి పక్కకు చూస్తారు. ఎవరి బిడ్డో తెలియదు. అయినా కొండంతా వాని కోసం చూస్తుంది. ఇది మనకు సంతోషమే. కానీ ఒక ప్రశ్న కూడా వస్తుంది. అదే నల్లమలలో మన చెంచు పిల్లవాడు ఆశ్రమ పాఠశాల నుంచి కనబడకుండా పోతే, ఏ మైకు వాని పేరు పిలుస్తుంది?

మాలో ఒకరి తమ్ముని సంగతి చెబుతాం. ఏ బడో చెప్పం, ఒక్క బడి మాటే కాదు కాబట్టి. వాడు ఆరో తరగతి. ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో లేడు. గూడేనికి పోయుంటాడని బడివాళ్ళు అనుకున్నారు. బడిలో ఉన్నాడని ఇంటివాళ్ళు అనుకున్నారు. ఆదివారం నాడు అమ్మ సంచిలో తినుబండారాలు పెట్టుకొని చూడ్డానికి పోయింది. "మీ ఇంటికే వచ్చినాడు కదమ్మా" అన్నారు. "మా ఇంటికి రాలేదు సారూ" అంది. అప్పటికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ వాడు ఎవరి లెక్కలోనూ లేడు. స్టేషనుకు పోతే, "మీవాళ్ళకు ఇది మామూలే, అడవి పట్టి తిరుగుతుంటాడు, రెండు రోజులు చూడండి" అన్నారు. చివరికి ఒక బస్టాండు దగ్గర హోటల్లో గ్లాసులు కడుగుతుంటే, మన గూడెం మనిషే చూసి పట్టుకొచ్చినాడు. వెతికి దొరికినవాడు కాదు వాడు. కంటబడినవాడు.

"మీవాళ్ళకు ఇది మామూలే" అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. అందులో తిట్టు లేదు. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళూ కాకపోవచ్చు. వినడానికి మన బతుకు తెలిసినవాళ్ళ మాటలాగే ఉంటుంది. కానీ ఆ మాట ఒక పని చేస్తుంది. తప్పిపోయిన పిల్లవాణ్ణి పోయిన పిల్లవాణ్ణిగా మార్చేస్తుంది. పోయినవాడు తన ఇష్టంతో పోయినాడు, వానంతట వాడే రావాలి. తప్పిపోయినవాణ్ణి వెతకాల్సిన బాధ్యత మిగిలినవాళ్ళది. ఈ రెండింట్లో ఏది నిజమో మొదటి రోజున ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు దేన్ని నమ్మి పని మొదలుపెడతామన్నదే అసలు నీతి ప్రశ్న. పట్నంలో ఉద్యోగి కొడుకు సాయంత్రం ఇంటికి రాకపోతే ప్రమాదమని మొదట అనుకుంటారు, ఆ తరువాతే వేరేది. మన పిల్లవాడైతే మొదట అలవాటని అనుకుంటారు, ప్రమాదమన్నది నాలుగో రోజు మాట. పిల్లల విలువలో తేడా చూపిస్తున్నది ఆ మొదటి అనుమానమే.

అడవి బిడ్డలకు అడవిలో ఏమీ కాదని కొందరి ధీమా. మలేషియాలోని కెలంతాన్ రాష్ట్రంలో ఒరాంగ్ అస్లి అనే మూలవాసులు ఉన్నారు. వాళ్ళదీ అడవి బతుకే. 2015 ఆగస్టు 23న పోస్ తోహోయ్ అనే చోట హాస్టల్ బడి నుంచి ఏడుగురు చిన్నపిల్లలు పారిపోయినారు. చెప్పకుండా నదిలో ఈదినందుకు దెబ్బలు పడతాయన్న భయం. 47 రోజుల తరువాత ఇద్దరు ఆడపిల్లలు మాత్రమే ప్రాణాలతో దొరికినారు. మిగిలినవాళ్ళు బతికి రాలేదు. అడవిలో పుట్టిన పిల్లలకు కూడా ఒంటరితనంలో, ఆకలితో, భయంతో అడవి అమ్మ కాలేదు. అడవిలో పిల్లవాణ్ణి కాపాడేది పక్కన నడిచే పెద్దల కళ్ళు. బడిలో చేర్చుకున్న రోజున ఆ కళ్ళ పని మేం చేస్తామని బడి ఒప్పుకున్నట్టే.

ఈ ప్రభుత్వానికి మనల్ని లెక్కపెట్టడం రాదని అనలేం. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానిలో అమలైనప్పుడు, ఎరుకల వంటి జాతుల మనుషుల్ని స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పిలిచేవాళ్ళు. సెలవు లేకుండా ఒక్కడు కనబడకపోయినా నేరమే. వెతకడానికి మనుషులు బయలుదేరేవాళ్ళు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బళ్ళలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉండింది. స్వాతంత్ర్యం వచ్చినాక 1952లో ఆ చట్టం పోయింది, మంచిదే. కానీ దొంగలన్న ముద్ర వేసి లెక్కపెట్టినప్పుడు ఒక్క మనిషి తగ్గితే రాత్రికి రాత్రే తెలిసేది. విద్యార్థులుగా లెక్కపెడుతున్నప్పుడు నాలుగు రోజులైనా తెలియడం లేదు. హాజరు పట్టీలో కొన్నాళ్ళు "ఆబ్సెంట్", ఆ తరువాత "లాంగ్ ఆబ్సెంట్", ఆ తరువాత పేరు కొట్టివేత. మనిషి కోసం వెతకకుండానే లెక్క సరిపోతుంది.

చట్టం మాత్రం మన పక్షానే ఉంది. నోయిడా దగ్గర నిఠారీలో పేదల పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటే, ఫిర్యాదు చేయబోయిన తల్లిదండ్రుల మాట ఎవరూ పట్టించుకోలేదు. 2006 డిసెంబరులో ఎముకలు బయటపడినాకే దేశం ఉలిక్కిపడింది. బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పిల్లలు కనబడలేదన్న ప్రతి ఫిర్యాదునూ ఎఫ్.ఐ.ఆర్.గా నమోదు చెయ్యాలి. కాదని తేలేదాకా అపహరణో అక్రమ రవాణానో జరిగిందనే అనుకొని దర్యాప్తు చెయ్యాలి. 4 నెలల్లో దొరక్కపోతే మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి అప్పగించాలి. అంటే మొదటి అనుమానం ఏదై ఉండాలో కోర్టే నిర్ణయించింది. రెండు రోజులు చూద్దామన్న మాటకు అందులో చోటు లేదు. "ఇది మా లిమిట్స్ కాదు" అన్న మాట కూడా చెల్లదు. నల్లమలలో దోర్నాల వైపు పోతే జిల్లా మారుతుంది, కృష్ణ దాటితే రాష్ట్రమే మారుతుంది. పిల్లవానికి ఆ గీతలు తెలియవు. అందుకే ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్.ఐ.ఆర్. రాయించుకోవచ్చు. 1098కి ఎవరైనా ఫోను చెయ్యవచ్చు.

మరి ఎందుకు జరగదు? టీచర్ల వైపు నుంచి కూడా చూద్దాం. వంద మంది పిల్లలకు ఒక్క వార్డెన్. పిల్లవాడు లేడని పైకి రాస్తే మెమో వస్తుంది. రాయకపోతే, వాడే తిరిగొస్తే, ఎవరికీ తెలియదు. చెప్పినవానికి శిక్ష, దాచినవానికి విశ్రాంతి. ఇలాంటి చోట మంచి మనిషి కూడా రెండు రోజులు చూద్దామనే అనుకుంటాడు. కాబట్టి మనం అడగాల్సింది పిల్లవాడు వెళ్ళిపోయినందుకు వార్డెన్‌ను సస్పెండ్ చెయ్యమని కాదు. వెంటనే చెప్పినవాణ్ణి వదిలెయ్యండి, ఆలస్యం చేసినవాణ్ణి అడగండి అని. శ్రీశైలం ఐటిడిఎ కిందనే ఈ ఒక్క పద్ధతి మొదలైనా చాలు.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. "వస్తాడులే" అనేది మన మాట కూడా. అమ్మానాన్నలు తేనెకు పోయి వారం రాకపోయినా, వెనుకటి గూడెంలో పిల్లవాడు ఎవరి గుడిసెలో తిన్నా అందరికీ తెలిసేది. ఆ నమ్మకానికి కింద అన్ని కళ్ళున్నాయి. ఇప్పుడు బస్సెక్కితే రెండు గంటల్లో మార్కాపురం. అక్కడ వాణ్ణి పేరుతో పిలిచే మనిషి ఒక్కరూ ఉండరు. పనికి పెట్టుకునేవాళ్ళు మాత్రం ఉంటారు. పాత మాట మిగిలింది, దాన్ని మోసిన గూడెం పక్కన లేదు.

ఇంకో సంగతి. వెతకడం అంటే పట్టుకోవడం కాదు. మాలో ఒకరి తమ్ముడు తిరిగొచ్చిన రోజున బడిలో రెండు దెబ్బలు తిన్నాడు, ఇంట్లో రెండు. ఎందుకు పోయినావని ఎవరూ అడగలేదు. చాన్నాళ్ళకు వాడే చెప్పినాడు. రాత్రిపూట పక్క తడిపినందుకు పెద్ద పిల్లలు ఎగతాళి చేసేవాళ్ళట. ఒక దుప్పటి, ఒక మంచి మాట ఉంటే వాడు పోయేవాడు కాదు. వాడు మళ్ళీ బడికి పోలేదు.

టీచర్లకు మా మనవి: రాత్రి పడుకునే ముందు పిల్లల్ని తలకాయలు లెక్కపెట్టకండి, పేరు పెట్టి పిలవండి. ఒక్క పేరుకు జవాబు రాకపోతే ఆ రాత్రే గూడేనికి ఫోను చెయ్యండి. చదువుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: గూడెంలో ఏ తల్లయినా స్టేషనుకు పోతుంటే ఆమెను ఒంటరిగా పంపకండి. ఎఫ్.ఐ.ఆర్. కాగితం చేతికి వచ్చేదాకా పక్కన కూర్చోండి. పిల్లవాడు దొరికిన రోజున మొదట అన్నం పెట్టండి. ఎందుకు పోయినావని ఆ తరువాత నెమ్మదిగా అడగండి. వాడు చెప్పేది చివరిదాకా వినండి.