బొగ్గుకో దణ్ణం

కాటుకలో నువ్వే, కొల్లూరు వజ్రంలో నువ్వే, ఆ రెంటినీ చూసి మురిసే కంటిలోనూ నువ్వే. కర్బనమా, నువ్వు పుట్టకుండా పోవడానికి ఎన్ని దారులున్నాయో నీకు తెలుసా?

నక్షత్రం కడుపులో వేడి పదికోట్ల డిగ్రీలకు చేరితే రెండు హీలియం కేంద్రకాలు గుద్దుకుని బెరీలియం అవుతాయి. దాని ఆయుష్షెంత? సెకనును కోటి కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ వందగా చీలిస్తే దాదాపు అంత. ఆ లిప్తలోనే (లిప్త అన్నా ఎక్కువే!) మూడో హీలియం వచ్చి తగలాలి. మామూలు లెక్కన చూస్తే లోకానికి సరిపడా కర్బనం పుట్టనే పుట్టదు.

1953లో ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హోయల్ కాలిఫోర్నియాలో భౌతిక శాస్త్రజ్ఞుడు విలియం ఫౌలర్‌నీ ఆయన సహచరులనూ పట్టుకున్నాడు. లోకంలో ఇంత కర్బనం ఉంది కాబట్టి దాని కేంద్రకంలో ఫలానా శక్తి దగ్గర ఒక మెట్టు ఉండి తీరాలి, వెతకండి అన్నాడు. ఫౌలర్‌కు మొదట నమ్మకం కుదరలేదు. అక్కడి వార్డ్ వేలింగ్ బృందం వెతికింది. ఉంది! 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. మూడు హీలియాలు కలిస్తే వచ్చే 7.27కు కాస్త పైన, నక్షత్రపు వేడి ఎగదోస్తే అందేంత ఎత్తులో. ఎక్కినవాటిలో కూడా దాదాపు అన్నీ జారి విడిపోతాయి. పదివేలలో నిలిచేవి పట్టుమని పదుండవు. ఆ నిలిచినవే అడవులు, ఆవులు, మనం, తొలకరి తడికి చేలగట్ల మీద పాకే ఆరుద్ర పురుగులు. అదే పేరున్న ఎర్రటి ఆరుద్ర నక్షత్రంలో ఈ పని ఇప్పుడూ సాగుతోందని ఖగోళ శాస్త్రజ్ఞుల అంచనా.

ఇంకో వింత. కర్బనానికి మరో హీలియం తగిలితే ఆక్సిజన్. అక్కడా మెట్టు సరైన ఎత్తులో ఉంటే నువ్వంతా ఆక్సిజన్‌గా కరిగిపోయేదానివి. మెట్టు ఉంది, కానీ 7.12 దగ్గర. కలయిక మొదలయ్యేదే 7.16 నుంచి. వేడెక్కేకొద్దీ దూరమే తప్ప దగ్గర కాదు. వెంట్రుకవాసిలో తప్పిపోయింది! పీల్చడానికి గాలీ మిగిలింది, పీల్చే ఒళ్లూ మిగిలింది.

దేవుణ్ణి నమ్మని హోయలే తర్వాత్తర్వాత, ఏదో మహామేధ భౌతిక సూత్రాల్లో వేలు పెట్టినట్టుందని రాశాడు. నేనంత దూరం పోలేను. 1989లో ఖగోళ శాస్త్రజ్ఞుడు మారియో లివియో, ఆయన సహచరులు లెక్కకట్టి, నీ మెట్టు 0.06 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల మేర పైకి జరిగినా నువ్వు తగినంత పుడతావని తేల్చారు. గురి అనుకున్నంత సన్నం కాదన్నమాట. కాకపోనీ. అసలు అక్కడ మెట్టంటూ ఒకటి ఉండడమే నాకు చాలు. ఎవరైనా కట్టి ఉంటే ఆ మేస్త్రీకి సగం దణ్ణం. ఎవరూ కట్టకుండానే అమరిందంటావా, మొత్తం నీకే.