సాసర్లో సగం చాయ్

డెబ్బైకి దగ్గరపడ్డ పాతబస్తీ సాయబులం మేం. ఫజర్ నమాజు కాగానే చార్మినార్ పక్క ఇరానీ హోటల్‌కు నడుస్తాం. ఒక చాయ్ చెప్పి సగం సాసర్లో ఒంపుతాం. కప్పు మా హిందూ దోస్తుది, సాసర్ మాది. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తింటూ మోకాళ్ల నొప్పులు, మనవళ్ల ఫీజులు, పాత సినిమాలు మాట్లాడుకుంటాం. నలభై ఏళ్లుగా ఇదే మా ఖుషీ.

మా సెక్యులర్ మిత్రులు ఈ చాయ్ చూసి మురిసిపోతారు. గంగా జమునా తెహజీబ్ అంటారు. నిజమే. కానీ ఆ బల్ల మీదికి రాని మాట ఒకటుంది.

1990 డిసెంబర్. పాతబస్తీలో కత్తిపోట్లు, కర్ఫ్యూ. సడలించినాక మళ్లీ కలిశాం, చాయ్ తాగాం. మా గల్లీలో ఏం జరిగిందో ఆయన అడగలేదు. మేం చెప్పలేదు. చెబితే దోస్తీ చెడుతుందని భయం. గాయం దాచి మేం కాపాడుకున్నది దోస్తీనా, అలవాటునా?

తప్పంతా ఆయనదే అనలేం. ఆ రాత్రులు ఆయన పిల్లలెట్లా నిద్రపోయారో మేమూ అడగలేదు. బాధ మాకే ఉందనుకున్నాం.

మొన్న అడిగాం: "ఆ దినాల్ల మీ ఇంట్ల ఎట్లుండె భాయ్?" ఆయన చాలాసేపు చెప్పాడు. తర్వాత మేం చెప్పాం. చాయ్ చల్లారిపోయింది, ఇంకొకటి చెప్పాం.

ఖుషీ పంచుకోవడం తేలిక. భయం కూడా చెప్పుకోగలిగినప్పుడే అది బరాబర్ దోస్తీ. మాకు ఇన్నేళ్లు పట్టింది. మా మనవళ్లకు ఇంత ఆలస్యం కావద్దు.