బీరువాలో వున్నవీ, లేనివీ

రావులపాలెంలో కూర్చుని పాతవస్తువుల గురించి మాట్లాడ్డం కాస్త సాహసమే. ఇక్కడి మార్కెట్టుకి తెల్లవారుజామున దిగిన అరటిగెల సాయంత్రానికి లారీ యెక్కాలి. ఎక్కకపోతే మర్నాడు ధర పడిపోతుంది, నాలుగోనాటికి పశువుల పాలవుతుంది. కర్పూరమైనా చక్కెరకేళీ అయినా అదే న్యాయం. అటు గౌతమి, యిటు వశిష్ఠ, నడుమ హైవే మీద రాత్రింబవళ్ళు బండ్లు. నిలవ వుంచుకోవడం మా వూరి తత్వంలోనే లేదు. పొలం దస్తావేజులూ, ఆడవాళ్ళ నగలూ తప్పిస్తే పాతదేదైనా ముందు అటకెక్కుతుంది. అటక నిండితే కాటా యెక్కుతుంది.

ఇలాంటి వూళ్ళో మా బావగారొకరున్నారు. జీవితమంతా ఒక క్రైస్తవ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ కాలేజీ పాతసామాను ఒక గదిలో అందంగా అమర్చి పదిమందికీ చూపించాలని పూర్వవిద్యార్థులు తలపెట్టి, యేవి వుంచాలో యేవి తియ్యాలో తేల్చమని ఆయనకి అప్పజెప్పారు. ఇత్తడి గంట, ఆటల్లో గెలిచిన కప్పులు, ముందువరసలో పేముకుర్చీల మీద ప్రిన్సిపాలూ పంతుళ్ళూ కూర్చున్న గ్రూపు ఫొటోలు, చెదలు సగం భోంచేసిన అడ్మిషను రిజిస్టర్లు. ఆయన తీర్పు ఒక్కమాటలో అయిపోయింది.

"గంటా కప్పులూ ఫొటోలూ వుంచుదామయ్యా. ఆ రిజిస్టర్లెందుకు? ఎవడు చూడొచ్చాడు?"

లెక్కల మేష్టారు లెక్కల పుస్తకం అక్కర్లేదనడం విడ్డూరం కాదూ? "అదేమిటి బావగారూ, అన్నిట్లోకీ నిజం చెప్పేది అదేనేమో!" అన్నాను. "నిజం చెబుతుంది కనకనే," అని వూరుకున్నారాయన. ఆ వూరుకోవడం నన్ను చాలా రోజులు వూరుకోనివ్వలేదు.

బందరు నోబుల్ కాలేజీ సంగతి తీసుకోండి. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ అనే పాదిరీ 1841లో స్నేహితుడు హెన్రీ ఫాక్సుతో కలిసి బందరు వచ్చాడు. 1843 నవంబరులో బడి తెరిచాడు. 1865లో ఆ వూళ్ళోనే కన్నుమూసేదాకా మళ్ళీ ఇంగ్లండు మొహం చూడలేదు. ఇరవైనాలుగేళ్ళు! మధ్యలో 1864 నవంబరు 1 రాత్రి సముద్రం వూరిమీద పడి ముప్ఫైవేలమంది దాకా పోయారు. అది కూడా చూశాడు. తరవాత్తరవాత ఆ విద్యాలయంలో చదువుకున్నవాళ్ళలో భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావుగార్లున్నారు. ఇంగ్లీషు పాదిరీ పెట్టిన చోట చదువుకుని, ఇంగ్లీషువాడి చదువు మనకి చాలదని 1910లో అదే వూళ్ళో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టింది ఆ ముగ్గురే. శిష్యులు యెదురు తిరిగి నిలబడ్డారంటే చదువు బాగానే వంటబట్టిందన్నమాట!

ఇంతవరకూ దండ వెయ్యదగిన కథే. రెండో సగం కూడా చెప్పాలి. నోబుల్ గారి బడి పైకులాల పిల్లల కోసం. మాల మాదిగ పిల్లల్ని అందులో చేర్చుకోలేదు. పైవాళ్ళు మారితే కిందివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారన్నది ఆయన లెక్క. అందరూ దేవుడి బిడ్డలేనని చెప్పడానికి సముద్రాలు దాటి వచ్చిన మనిషి, గుమ్మం దగ్గర కొందరు బిడ్డల్ని ఆపేశాడు. పోనీ, అలా లోపలికి రానిచ్చినవాళ్ళయినా నిలిచారా? 1852లో ఐనాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని లాక్కుపోయారు. బడి దాదాపు ఖాళీ అయింది. మళ్ళీ నిండడానికి కాలం పట్టింది.

ఇప్పుడు చెప్పండి. ఇలాంటి కథని గంటా కప్పూ చెప్పగలవా? గంట అందరికీ ఒకేలా మోగుతుంది, గుమ్మం బయట వున్నవాడికి కూడా. కప్పు గెలిచినవాడి సంగతి మాత్రమే చెబుతుంది. గ్రూపు ఫొటో కింద ముందువరస పేర్లు అచ్చవుతాయి. చివర గోడకి ఆనుకుని నిలబడ్డ బంట్రోతు పేరు అచ్చవదు, ఆ గంట రోజూ కొట్టినవాడు అతనే అయినా సరే. ఎవరు వచ్చారో, యెన్నో యేట వచ్చారో, యెవరు అసలే రాలేదో చూపించేది రిజిస్టరొక్కటే. పేరు లేకపోవడం కూడా సాక్ష్యమే. అయితే ఆ సాక్ష్యం వినపడాలంటే పేర్లున్న పుస్తకం మిగలాలి.

మరి పాదిరీల వుత్తరాలు లేవా అంటారు. బోలెడున్నాయి, కాకపోతే యిక్కడ కాదు. నోబుల్‌ని పంపిన చర్చి మిషనరీ సొసైటీ కాగితాలు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో వున్నాయి. 1874లో కాకినాడ వచ్చిన కెనడా బాప్టిస్టుల కాగితాలు కెనడాలో హామిల్టన్‌లో వున్నాయి. మన డెల్టా చిన్ననాటి ముచ్చట్లు చదవాలంటే విమానం యెక్కాలి. దీన్ని దోపిడీ అనేవాళ్ళున్నారు. నాకు అలా అనబుద్ధి కాదు. వాళ్ళు ఇంటికి రాసుకున్న వుత్తరాలు వాళ్ళింట్లో వుండడం సహజమే. పైగా మన వుక్కకీ చెదపురుగులకీ, 1986 ఆగస్టులో వచ్చినలాంటి గోదావరి వరదకీ తట్టుకుని ఆ కాగితాలిక్కడ యెన్ని మిగిలేవో! నా పేచీ వేరే. వుత్తరం డబ్బు పంపేవాళ్ళని మెప్పించాలి. చదివేవాడు చందా యివ్వాలి గదా! రిజిస్టరు గుమాస్తాకి యెవర్నీ మెప్పించే పని లేదు. తండ్రి పేరు, వూరు, కులం, ఫీజు కట్టాడా లేదా అని చూసింది రాసి పడుకున్నాడు. ఆ మిగిలిన రిజిస్టరు మాత్రం మన దగ్గరే వుంది, దాన్నే మనం కిలోల లెక్కన అమ్మబోతున్నాం.

జ్ఞాపకానికి వస్తువే కావాలా అన్నది బావగారి రెండో ఆక్షేపణ. నిజంగా గట్టిదే. నోబుల్ స్నేహితుడు ఫాక్సు 1848లోనే పోయాడు. చిన్నప్పుడు అతను ఇంగ్లండులోని రగ్బీ స్కూల్లో చదివాడు. అతని పేరు నిలపాలని ఆ బడివాళ్ళు చందాలేసుకుని, బందరు బడిలో ఒక వుపాధ్యాయుడి జీతానికి పంపే యేర్పాటు చేశారు. విగ్రహం కాదు, ఫలకం కాదు, ఒక పంతులుగారి జీతం! నేను చదివిన స్మారకాల్లో ఇంత మర్యాదైనది మరొకటి తగల్లేదు. "చూశావా, దానికి బీరువా కావలసొచ్చిందా?" అంటారు బావగారు. కావలసొచ్చింది. జీతం యేనెలకానెల ఖర్చయిపోయింది. ఆ పంతుళ్ళ దగ్గర చదివినవాళ్ళూ పోయారు. ఎవరో పద్దు రాసి, యెవరో ఆ పద్దు పారెయ్యకుండా వుండబట్టే మనం దాన్ని యివాళ మెచ్చుకోగలుగుతున్నాం.

ఇంతా చెప్పి ఆయన్ని వొప్పించాననుకున్నాను. అప్పుడాయన అసలు సంగతి విప్పారు.

"ఆ రిజిస్టర్లో కులం గడి వుంది. మతం గడి వుంది. వాటి ముందు మన చుట్టుపక్కల కుటుంబాల పేర్లున్నాయి. తెలుసా?"

మన దేశంలో ఈ రెండు గడులూ వొట్టి చరిత్ర కాదు. 1950 నాటి రాష్ట్రపతి వుత్తర్వు షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే అంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారిన దళితుడు మన రాష్ట్రంలో బి.సి. — సి కిందికి వస్తాడు. ఊళ్ళోవాళ్ళు అతన్ని చూసే చూపు మారదు, పత్రం మీద అక్షరం మాత్రం మారుతుంది. ఆదివారం ప్రార్థనకి వెళ్ళే కుటుంబాలు కొన్ని కాగితం మీద హిందువులుగానే వుండిపోవడం మన కోనసీమలో యెవరికీ తెలియని రహస్యమేమీ కాదు. ఆ తాతగారి పేరు, పక్కన ఆ మతం, గాజుపలక కింద వెలుగులో పెట్టామనుకోండి. ఎవడో ఫోను తీసి ఫొటో కొడతాడు. మనవరాలి వుద్యోగం మీద పిటిషను పడుతుంది. ఆ తాతగారు బళ్ళో చేరిననాడు మనకి యీ అనుమతి యిచ్చారా?

కాబట్టి దాచడం ఒక ధర్మం, చూపించడం వేరే ధర్మం అని నాకు తట్టింది. రెండూ ఒకటే అనుకోబట్టి, చూపించలేనిదాన్ని కాల్చెయ్యాలనో, దాచినదాన్నంతా పరచెయ్యాలనో తొందరపడతాం. బావగారు తూకానికెయ్యమన్నది నిర్లక్ష్యంతో కాదు, దయతోనే. కానీ ఆ దయ పూర్తిగా సాగితే, గుమ్మం దగ్గర ఆగిపోయినవాళ్ళ సాక్ష్యం కూడా కాటాకెక్కుతుంది. వాళ్ళకి యెవరూ వుత్తరాలు రాసి పెట్టలేదు, వాళ్ళ ఫొటో తియ్యలేదు.

చివరికి మేమిద్దరం ఒక వొడంబడికకి వచ్చాం. రిజిస్టర్లకి చెద మందు కొట్టించి తాళం బీరువాలో పెట్టాలి. వాటిల్లో పేరున్నవాళ్ళ వారసులు వచ్చి తమ పేజీ అడిగితే తియ్యాలి, యితరులకి తియ్యకూడదు. ఎన్నో యేట యే వర్గం పిల్లలు మొదటిసారి చేరారో, అంతకుముందు యెందుకు లేరో, పేర్లు లేకుండా ఒక పెద్ద కాగితం మీద రాసి గంట పక్కనే గోడకి తగిలించాలి. ఆ కాగితం మీద మాటలు ఆయనే రాస్తానన్నారు. "లేరు" అని రాయాలా, "చేర్చుకోలేదు" అని రాయాలా అన్న దగ్గర మాత్రం ఇంకా తెగలేదు. నేను రెండోదే వుండాలంటున్నాను.