కొసరు





కాయకమును గూర్చియు, దాసోహమును గూర్చియు మన సభలలో ఉపన్యాసములకు కొదువ లేదు. పని చేయువాడు ఎట్లు చేయవలెనో అందఱును చెప్పుదురు. ఆ పనికి వెలకట్టు వాని ధర్మమేమో చెప్పువారు అరుదు. నేను నేడు ఎత్తుకొన్న విషయము మీకు మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. అది బేరమాడుట. సంతలో, వీధి యరుగుమీద, పనివారితో, ప్రతిదినము మన నోట వెలువడు "ఎంతకిస్తావు?" అను మాట.

తెలుగున కొసరు అను పదమొకటి కలదు. తూకము ముగిసిన పిమ్మట పైన వేయించుకొను రెండు వంకాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెమ్మ - ఇది కొసరు. "కొసరి కొసరి వడ్డించిరి" అనునపుడును వాడునది ఈ పదమే. విస్తరి ముందు కూర్చున్న అతిథి చాలు చాలునని చేయి అడ్డము పెట్టుచున్నను, ఇల్లాలు మఱియొక గరిటెడు వేయును. ఒకచోట పుచ్చుకొనువారు బ్రతిమాలుదురు, మఱియొకచోట ఇచ్చువారు బ్రతిమాలుదురు. మాట ఒక్కటే, చేయి మాఱినది. చిరకాలముగా పిల్లలకు తెలుగు బోధించుచున్న నాకు ఈ పదము తటస్థించినపుడెల్ల విస్తరియే ముందు జ్ఞప్తికి వచ్చును. ఆ కొసరు దాసోహములోనిది. తక్కెడ యొద్ద అడుగు కొసరు దేనిలోనిదో విచారింతము.

నులియ చందయ్య కథ మీరెఱిగినదే. 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భాండారమును నిర్వహించుచుండిన కాలమున, ఈ శరణుడు గడ్డి కోసి, నార తీసి, తాళ్లు పేని అమ్మి, వచ్చిన దానితో జంగమదాసోహము నడపుచుండెను. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జాఱి నీట బడెననియు, చందయ్య పని మానకుండుటచే లింగదేవుడే వెంటబడి వచ్చెననియు, మడివాళ మాచయ్య నడుమ బడి సమాధాన పఱచగా, ఆ దేవునకే తాడు అమ్ముకొని రమ్మను పని యొప్పగించెననియు చెప్పుదురు. తాడు బసవేశ్వరుని యింటికి పోయినది. ఆయన దానికి తగిన వెలకంటె ఎంతయో హెచ్చు ధనమిచ్చెను. చందయ్య ఆ హెచ్చును అంగీకరింపక త్రిప్పి పంపెను.

ఈ కథ చెప్పు పౌరాణికులు లింగము జాఱిన ఘట్టమును పెంచి, పాడి, వెల ఘట్టమును రెండు మాటలలో ముగింతురు. నాకు మాత్రము రెండవదే ఘనముగా తోచును. దేవుడే అమ్మిపెట్టినను, బసవన్నయే కొన్నను, తాటికొక వెల యున్నది. అది కొనువాని భక్తినిబట్టి పెరుగదు. అట్లే కొనువాని పిసినితనమునుబట్టి తఱుగుటకును వీలులేదు గదా.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతమును ఈ త్రోవలోనిదే. రాలిన బియ్యపు గింజలు ఏఱి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ తెచ్చెను. ఎక్కువ వచ్చినదని సంతోషింపక, ఈ యధికము మనది కాదు, వెనుకకు పోసి రమ్మని లక్కమ్మ భర్తను పంపినది. నేలపై రాలినది, ఎవరును అడుగనిది, బసవేశ్వరుని లోగిలిలోనిది - అట్టిదానిని సైతము ఆమె తన గడప దాటనీయలేదు. మనము ఒకామె గంపలోనుండి, ఆమె వలదు వలదనుచుండగా, ఆమె కన్నుల యెదుటనే తీసి మన సంచిలో వేసికొను నాలుగు కాయలను లక్కమ్మ చూచినచో ఏమనును?

"అయ్యా, ఈ కథలు అమ్మువానికి చెప్పినవి, కొనువానికి కావు" అని ఒక మిత్రుడు నాతో వాదించెను. అమ్మువాడు తగినదానికి మించి పుచ్చుకొనరాదన్నచో, తగినది యనునదొకటి ఉన్నదని ఒప్పుకొన్నట్లే. అది ఉన్నపుడు, అంతకు తగ్గించి యిచ్చినవాడు మిగిలిన భాగమును ఎచటినుండి తీసికొన్నట్లు? బసవేశ్వరుడు విధించిన సప్తశీలములలో మొట్టమొదటిది దొంగతనమును గూర్చినది. ఆయన దానిని రాత్రివేళ గోడకు కన్నము వేయువానికి మాత్రమే చెప్పెనని నేననుకొనను.

ఇక నొక లెక్క చూతము. బడిపిల్లలకు నల్లబల్లపై వేసి చూపునట్లే చెప్పెదను. ఒక గంపయామె తెల్లవాఱుజామున టోకు అంగడిలో కిలో 25 రూపాయల చొప్పున 20 కిలోల వంకాయలు కొన్నదనుకొందము. 500 రూపాయలు. ఆటో కిరాయిలో ఈ సరుకు వంతు 50. పుచ్చులు, వాడినవి తీసివేయగా మిగిలినది 18 కిలోలు. కిలో 40 చొప్పున అమ్మినచో వచ్చునది 720. కర్చు 550 పోగా మిగులునది 170 రూపాయలు. వచ్చిన ప్రతివారును కిలోకు 5 రూపాయలు తగ్గించిరనుకొనుడు. 18 అయిదులు 90. ఆమెకు మిగిలినది 80. మనము తగ్గించినది వెలలో ఎనిమిదవ వంతు, ఆమె కోల్పోయినది లాభములో సగముకంటె హెచ్చు. అయిదు రూపాయలే గదా యనువారు ఈ రెండవ లెక్కను వేయరు.

లెక్క యింకను ముగియలేదు. గంప మూలధనము అనేకులకు సొంతము కాదు. ప్రొద్దున 900 చేతబట్టి, సాయంకాలమునకు 1,000 చెల్లించు అప్పులు మన పట్టణములలో కలవు. ఒక పగటికి నూటికి పదకొండు వడ్డీ! ఆ 100 రూపాయలలో సగము ఈ వంకాయల వంతుకు పడినచో, 80లో మిగులునది 30. పైగా కరివేపాకు ఊరక యియ్యవలెను. 2020లో కరోనా కాలమున కేంద్ర ప్రభుత్వము వీధి వర్తకులకు తొలివిడతగా 10,000 రూపాయల ఋణమిచ్చు స్వనిధి పథకమును పెట్టినది. పదివేలతో నిలబడుచు, పదివేలు లేక పడిపోవు సంసారములు ఎన్నియున్నవో దీనినిబట్టియే ఊహింపవచ్చును.

బోణీ బేరమని యొకటి. తొలుత వచ్చినవారిని వట్టిచేతులతో పంపినచో దినమంతయు సాగదని అమ్మువారి నమ్మిక. ఆ నమ్మిక నెఱిగి, ప్రొద్దుటనే పోయి, నష్టమునకైనను ఇచ్చునని బిగబట్టి నిలుచువారు మనలో కలరు. ఎదుటివాని భయమును కొనుట యిది, కూర కొనుట కాదు.

వింత యేమనగా, బేరమునకు నిజముగా తావున్నచోట మనము నోరు మెదపము. పొట్లములపై ముద్రించు గరిష్ఠ చిల్లర ధర పేరులోనే ఉన్నది, అది గరిష్ఠము. తూనికలు కొలతల శాసనములు అంతకు మించి అమ్మరాదనును గాని, తగ్గించి అమ్మరాదనవు. అయినను చల్లని గాలి వీచు పెద్ద దుకాణములో, అద్దముల నడుమ, ఆ చీటీని చూచి కిమ్మనక ఫోను తీసి చెల్లింతుము. బయటికి వచ్చి, ఎండలో గొడుగు క్రింద కూర్చున్న ఆమెతో పది రూపాయలకై పావుగంట వాదింతుము. అచ్చట మాటాడనీయనిది వివేకమైనచో, ఇచ్చట మాటాడించునదేమి? ఎదుటివారు తిరిగి గట్టిగా మాటాడలేరను ధైర్యము తప్ప నాకు మఱేమియు కానరాదు.

మన యింటి మాటకు వచ్చెదను. శివరాత్రికి ముందటి దినము పత్రి, పూలు అమ్మువారు దేవాలయ వీధుల కిరుప్రక్కల కూర్చుందురు. బిల్వవృక్షము ముండ్లచెట్టు. మూడు దళములు చెదరక కోయవలెనన్న చేతులు గీచికొనక తప్పదు. నుదుట విభూతి, మెడలో లింగకాయ ధరించిన ఒక పెద్దమనిషి అట్టి యొక అవ్వతో గీచి గీచి బేరమాడుటను నేను చూచితిని. ఆమె చాలసేపు ఊరకుండి, "సామికి పెట్టేది గదయ్యా, ఆయన లెక్క నీ దగ్గర, నా కూలి నాకియ్యి" అనినది. ఆయన నవ్వి, తాను చెప్పిన ధరకే తీసికొనిపోయెను. ఆ రాత్రి ఆయన నాలుగు జాముల పూజయు చేసియుండును. ఆ సాయంకాలము మఠమున జంగములకు అన్నము పెట్టించియుండును. దాసోహమున వేయి రూపాయలు వ్రాయించి, అవ్వయొద్ద ఇరువది మిగుల్చుకొన్నచో, ఆ వేయిలో ఇరువది ఎవరు వ్రాయించినట్లు?

పనివారి విషయము దీనికంటె గడ్డుది. కూరగాయలామెకు ఇష్టము లేకున్న గంప నెత్తి కెత్తుకొని పోవచ్చును. గోడ కట్టిన మేస్త్రీ ఆ గోడను తీసికొని పోగలడా? అందుచేతనే పని ముగిసిన పిమ్మట ఆడు బేరము అన్ని బేరములలోను చెడ్డది. ముందు ఒక కూలి చెప్పి, తలుపు బిగించిన తరువాత వడ్రంగితో "ఇంతే పనికి అంతా?" అనుట, కుట్టిన రవికె చేతబట్టి కుట్టుకూలి తగ్గింపుమనుట, చిల్లర లేదని పది రూపాయలు ఎగవేసి రేపు రమ్మనుట - వీనికి బేరమను పేరు పెట్టుటయే ఆ పదమునకు అపచారము. ముందుగా తగ్గించి ఒప్పించినచో పిండికొద్ది రొట్టె యన్నట్లు పని వచ్చును, ఆ నష్టమును మనము పంచుకొందుము. వెనుక తగ్గించినచో నష్టమంతయు వానిదే. బసవేశ్వరుని చుట్టును చేరినవారెవరో ఒక్కసారి తలచుకొనుడు. బట్టలుదుకు మాచయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, చెప్పులు కుట్టు హరళయ్య. అనుభవమంటపమున కూర్చున్న ఆ పెద్దలకు మనము చేతులు జోడింతుము. వారి పనులే చేయువారు మన వాకిట నిలిచినపుడు వ్రేళ్లు మడిచి లెక్కపెట్టుదుము.

అన్ని బేరములును పాపములని నేననను. బంగారు దుకాణములో తఱుగెంత, మజూరి ఎంతయని అడిగి తగ్గింపుమనుట కొనువాని హక్కు. ఇంటిస్థలము, పశువు, వాహనము కొనునపుడు నాలుగుచోట్ల విచారింపనివాడు సంసారి కాడు. రెట్టింపు చెప్పి ఆశపెట్టువానికి సరియైన ధర చెప్పి నిలుచుటయు తప్పు కాదు. చేతిలో నున్న యాబది రూపాయలతో ఆ పూట యిల్లు గడపవలసిన తల్లి బేరమాడినచో, నేను నోరెత్తను. అది లేనివారిద్దఱు తమ లేమిని సరిచూచుకొనుట. ఏండ్ల తరబడి ఒక్క గంపయొద్దనే కొనుచు, ధరతోపాటు బిడ్డల యోగక్షేమములు కూడ అడుగు ముసలమ్మలు కలరు. వారి బేరములో చెలిమి పాలే హెచ్చు, గంపయామె తానై వేయు ఆ కొసరులో విస్తరి కొసరు వాసన యున్నది. అడుగకయే వచ్చినది గనుక దానిని కాదనవలసిన పనిలేదు.

తక్కెడ కావలిప్రక్క నున్నవారికిని ఒక మాట. మన సమాజమున వర్తకులు ఎందఱో కలరు, ఈ పత్రికను చదువువారిలోను కలరు. "మేము ఉన్నధర చెప్పినచో ఎవరును నమ్మరు, తగ్గింపుమనుట ఎట్లును తప్పదు గనుక పదిహేను పెంచి చెప్పి పది తగ్గింతుము" అని వారు నాతో చెప్పిరి. అబద్ధమేమియు లేదు, కొనువారు నేర్పిన విద్యయే యిది. కాని ఆ పదిహేనులో, బేరమాడ నేరనివాడు, సిగ్గరి, పొరుగూరివాడు, తల్లి పంపగా వచ్చిన పసివాడు నిండు ధర చెల్లించి పోవుచున్నారు. గయ్యాళితనమునకు తగ్గింపు, మెత్తదనమునకు జరిమానా!

దీనికి మార్గము లేకపోలేదు. 1999 జనవరి 26న మన రాష్ట్రమున రైతుబజారులు ఆరంభమైనప్పుడు, ధరలను ప్రతిదినము పలకమీద వ్రాసి కట్టు పద్ధతి పెట్టిరి. అచ్చట కొనువాడును అమ్మువాడును ఆ పలకను చూతురు. అట్టి పలకకు సుద్దముక్క తప్ప వేఱు పెట్టుబడి అక్కరలేదు. మొదటి నెలలో ఇద్దఱు ముగ్గురు పాతవారు అలిగి ప్రక్క అంగడికి పోవుదురు, పోనిండు. వ్రాసిన ధరకు కట్టుబడిన కొట్టునకు, పెద్దలు వెంట లేకున్నను, తల్లులు ఎనిమిదేండ్ల పిల్లచేతికి నోటిచ్చి పంపుదురు.